పథ్యం లేని మందు

టీబీ మందు సగంలో మానేసి ఎవరైనా చనిపోయారని విన్నప్పుడు, "మూర్ఖపు జనం, ఊరికే ఇచ్చినా మింగరు" అని మీరు అన్నారా, లేదా? నిజం చెప్పండి. మీరు అనకపోతే, అన్నవాళ్ల పక్కన కూర్చుని తల ఊపారా?

నేను ఆ మాటను చదువుకున్నవాళ్ల నోటనే ఎక్కువగా విన్నాను. జిల్లా కేంద్రంలో గ్రంథాలయం వరండాలో సాయంకాలం చర్చలు జరిగేవి. కులం మీద, దేవుడి మీద, బాల్యవివాహాల మీద గొంతులు చించుకునేవాళ్లం. అక్కడ కూడా, ప్రజల అజ్ఞానం గురించి మాట వచ్చేసరికి ఒక డాక్టరుగారు లేచి, మందు మానేసేవాళ్ల గురించి చెప్పి నవ్వించేవారు. ఆయన చెప్పినవి అబద్ధాలు కావు. జనం మందు మానేసేవారు. అయితే ఎందుకు మానేస్తున్నారని ఆయన ఎన్నడూ అడగలేదు. మేమూ ఆయనను అడగలేదు, నవ్వాం. ఆ మందు మింగే ఇంట్లో నేను కొంతకాలం బతికాను గనుక ఇది రాస్తున్నాను.

అరవయ్యో దశకం చివర నేను మర్రిగూడ దాపున ఒక మెట్ట ఊళ్లో బడిపంతులుని. మాది కొత్తకోట వైపు. పాలమూరైనా నల్లగొండైనా రాయీ కరువూ ఒకటే గనుక ఆ ఊరు నాకు పరాయిదనిపించలేదు. ఆ ఊరి నీళ్లకు పిల్లల పళ్లు గోధుమరంగు తిరిగేవి, ముసలివాళ్ల నడుములు కొయ్యబారేవి. అదీ రాతే అనేవారు. ఒక గొర్రెల కాపరి ఇంట్లో ముందు అర్ర కిరాయికి తీసుకున్నాను. ఇంట్లో ఆ కాపరి, అతని తల్లి, అతని భార్య, నడక నేర్చిన ఒక చిన్నబిడ్డ.

భార్యకు పాతికేళ్లు ఉండొచ్చు. ఆమె నోరు ఊరంతా ఎరుగును. నేను పొయ్యి ముట్టించి పప్పు వండుకుంటుంటే తొంగిచూసి, "సారూ, గది పప్పా, గోడకు పూసే సున్నమా? నీ చేతి తిండి తినే కన్న మా గొర్లతోని మేతకు పో, నయం" అనేది. వాన ముందు గొర్రెలను దొడ్డికి తోలాలంటే ఆమె ఒక్క కేక చాలు. కుక్కలు కూడా లేచి నిలబడేవి.

చలికాలంలో ఆమెకు దగ్గు పట్టుకుంది. మిరియాల కషాయం అయింది, మెడలో తాయెత్తు అయింది, పక్క ఊరి మంత్రగాడు వేపమండలతో కొట్టడం అయింది. సాయంకాలం జ్వరం, పొద్దున చెమట. ఆ కేక పెట్టే గొంతు బొంగురుపోయింది. ఒకనాడు గోలెం దగ్గర గుడ్డ పిండుతుంటే నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ నీళ్లు చూశాక కాపరి నా మాటకు అడ్డం చెప్పలేదు. ముగ్గురం బస్సెక్కి పట్నం దవాఖానకు పోయాం.

పొద్దున పోయినవాళ్లకు మధ్యాహ్నం దాటాక పిలుపు వచ్చింది. డాక్టరు ఛాతీ ఫోటో తీయించాడు, దగ్గి ఉమ్మిన గళ్లకు పరీక్ష చేయించాడు. టీబీ అన్నాడు. "ఏడాదిన్నర మింగాలి. తగ్గినా మింగాలి. మధ్యలో మానేస్తే చస్తావు. తరువాతివాళ్లు!" అన్నాడు. మూడు వాక్యాలూ ఒక్క గుక్కలో. అందులో ఒక్కటీ తప్పు లేదు. కానీ ఆమె ఆయన ముఖం చూసే లోపలే వెనకవాళ్లు ఆమెను పక్కకు తోశారు.

మందులిచ్చే కిటికీ దగ్గర కంపౌండరు గోళీల పొట్లాలు చేతిలో పెట్టాడు. కాపరి కదలలేదు.

"అయ్యా, పథ్యమేంది?"

"పథ్యం లేదు గిథ్యం లేదు. అన్నీ తినొచ్చు. మంచిగ తినాలె."

"అన్నీ అంటే? మాంసం గూడనా?"

"మాంసం గూడ. గుడ్డు గూడ. పో పో, జర జరుగు."

కాపరి నన్ను పక్కకు పిలిచాడు. ముఖం చిన్నబోయింది. "సారూ, గివి ఉత్త గోళీలు గావొచ్చు. అసలు మందుకు పథ్యం లేకుంట ఉంటదా? మా బక్క గొర్రెకు ఆకుపసరు పోస్తె గూడ మూడొద్దులు పచ్చిమేత ముట్టనియ్యం. వేరే దవాఖాన ఉన్నదేమో అడుగుదాం పా."

మీకు నవ్వొస్తుందేమో. నాకు రాలేదు, ఎందుకంటే నేనూ ఆ నమ్మకంలోనే పెరిగాను. నా చిన్నప్పుడు మా ఊరి వైద్యుడు చూర్ణం పొట్లం కట్టి ఇచ్చేటప్పుడు మందు పేరు చెప్పేవాడు కాదు, తినకూడనివి చెప్పేవాడు. ఆ జాబితా ఎంత పొడుగైతే వైద్యుడు అంత గొప్పవాడు. నోరు కట్టుకున్న కొద్దీ మందు పని చేస్తుందని మా అవ్వ నమ్మకం. వంకాయ తిననిచ్చిన వైద్యుని దగ్గరికి ఆమె మళ్లీ పోలేదు. అంటే పథ్యమన్నది మా జనం దృష్టిలో మందుకు కట్టే మర్యాద. అది అడగడం ద్వారా ఆ కాపరి ఆ గోళీలను గౌరవించాడు.

మా గుసగుస విన్న కంపౌండరు కిటికీలోంచి వేలు ఊపాడు. "ఏయ్, ఇటు రా. మరిచిపోయిన. మాంసం బంద్. గుడ్డు బంద్. చేప, వంకాయ, గోంగూర, చింతపండు బంద్. మందు నడిచినన్నినాళ్లు ముట్టొద్దు. ముట్టినవో, మందు విరుగుతది."

కాపరి ముఖం వెలిగింది. రెండు చేతులూ జోడించాడు. "గట్ల జెప్పు దొరా!"

నాకు ఒళ్లు మండింది. అతను దూరం పోయాక కిటికీకి అడ్డం నిలబడి, ఎందుకు అబద్ధం చెప్పారని అడిగాను. ఆయనకు కోపం కూడా రాలేదు.

"సారూ, మీరు పాఠం చెప్పుకోన్రి. పథ్యం చెప్పకుంటె గీళ్లు ఇంటికి పోయి గోళీలు పెంట మీద పారేస్తరు. పథ్యం చెప్తె భయముంటది. భయముంటె మింగుతరు. నా సర్వీసంతా గిదే చూసిన."

ఒక్క నిమిషం ముందు ఆ మనిషే నిజం చెప్పాడు, అది మరువకండి. నిజం చెబితే ఎదుటివాడు నమ్మలేదు. నమ్మించడానికి ఇంకొక నిమిషం ఖర్చు పెట్టాలి. అబద్ధానికి ఆ నిమిషం అక్కర్లేదు. మన దేశంలో మూఢనమ్మకాలకు పోషకులు పూజారులూ మంత్రగాళ్లే అనుకునేవాణ్ణి. ఆ రోజు తెల్లకోటు వేసుకుని జీతం తీసుకునే పోషకుణ్ణి చూశాను.

తిరుగు బస్సులో కాపరికి అంతా విడమరచి చెప్పాను. ఈ రోగానికి తిండే సగం బలం, మాంసం గుడ్డు పెట్టాలి, ఆయన నిన్ను బెదిరించడానికి అలా చెప్పాడు అన్నాను. అతను నవ్వాడు. "కోటు తొడిగినాయన చెప్పింది ఇడిసిపెట్టి, సుద్దముక్క పట్టినాయన మాట వినాల్నా సారూ?" బస్సులో వాళ్లంతా నవ్వారు. ఆమె కూడా నవ్వి, నవ్వలేక దగ్గింది.

ఇక ఆ ఇంట్లో పథ్యం మొదలైంది. అత్త కోడలిని పీడించిందని మీరు అనుకుంటే పొరపాటు. కన్నబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంది. కోడలి చెంబు వేరు పెట్టమని ఇరుగుపొరుగు చెబితే, "నా పిల్లను అంటరానిదాన్ని చేస్తరా?" అని తగువుపెట్టుకుంది. కానీ పథ్యాన్ని మాత్రం కావలి కాసింది. మాంసం తప్ప వేరే సిరి లేని ఇల్లు అది. ఆ ఇంట్లో కోడలి ముందు మాత్రం జొన్నరవ్వ ఉడికించిన గటక, పులుపు లేని చప్పిడి చారు. ఆ మందులో పెద్ద బిళ్లలు కొన్ని ఉండేవి. వాసన చూస్తేనే కడుపులో తిప్పేది. కడుపులో బలమైన తిండి ఉంటే ఓర్చుకోవచ్చు. గటక మీద మింగితే గటకతో సహా బయటికి వచ్చేది. ఆమె నోరు కడుక్కుని, కళ్లు తుడుచుకుని, మళ్లీ మింగేది. ఇట్లాంటి మనిషినా మనం మందు మింగదని తిట్టేది?

ఒకనాడు నేను ఉండబట్టలేక ఉడికించిన గుడ్డు ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాను. అత్త వచ్చి గుడ్డును కొంగుతో పట్టుకుని తీసి నా గడప మీద పెట్టింది.

"కొడుకా, దేవుడు లేడంటివి. ఊకున్న. దయ్యం లేదంటివి. ఊకున్న. ఇప్పుడు పథ్యం గూడ లేదంటవ్. రేపు రోగం గూడ లేదు, లేచి ఉరుకు అంటవేమో!"

దేవుడి మీద వరండాలో గంటల తరబడి వాదించినవాణ్ణి, గుడ్డు దగ్గర ఆ ముసలమ్మ ముందు ఓడి, దాన్ని లోపలికి తీసుకుపోయాను. ఆమె నమ్మకం వెనక ఉన్న నా శత్రువు దేవుడు కాదు, దవాఖాన.

అయినా మందు మందే. అంత చప్పిడి తిండి మీద కూడా అది పని చేసింది. వేసవి వచ్చేసరికి జ్వరం పోయింది, దగ్గు పోయింది. ఆమె కేక మళ్లీ వినబడింది. దొడ్డి ఊడ్చింది, బిడ్డను చంకన వేసుకుని బావికి పోయింది. నా వంటను మళ్లీ వెక్కిరించింది. నెలనెలా దవాఖానకు పోయి పొట్లాలు తెచ్చుకుంటూనే ఉంది. ఆ బాటన ఇంకో ఏడాది నడిస్తే ఆమె బతుకుతుంది. ఇంట్లో అందరికీ అది తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు.

అప్పుడు వాళ్ల కులం వాళ్లు తమ కులదేవుడు బీరప్పకు పండుగ పెట్టుకున్నారు. ఏటేటా వచ్చేది కాదు. కొన్నేళ్లకొకసారి చుట్టాలందరూ కూడి చేసుకునేది. డోళ్లు వచ్చాయి, పొట్టేలు గొంతు పళ్లతో కొరికి గావు పట్టే వాళ్లు వచ్చారు, మొక్కుకున్న యాటపొట్టేళ్లు తెగాయి. ఇంటి కోడలు బోనమెత్తాలి. ఎత్తినామె దేవునికి కోసిన యాటకూర తినాలి. తినకపోతే మొక్కు చెల్లదు. ఇటు చూస్తే, మందు మీద మాంసం తింటే మందు విరుగుతుంది. దవాఖానలో తెల్లకోటు అలా చెప్పింది.

వాళ్లేం చేశారో తెలుసా? దేవుని కోసం మందును ధిక్కరించలేదు. మందును అంత పవిత్రంగా చూశారు గనుకనే పక్కన పెట్టారు. ఆమె స్నానం చేసి, గోళీల పొట్లాన్ని కొత్త గుడ్డలో చుట్టి, ఉట్టి మీది కుండలో పెట్టి, దండం పెట్టింది. నేను గుమ్మంలో నిలబడి మొత్తుకున్నాను. యాటకూర తిను చెల్లే, తిని మందు మింగు, ఏమీ కాదు, రెండూ చేయొచ్చు అన్నాను.

"సారూ, మందు మీద తింటలేను గద? మందును పైన పెట్టి తింటున్న. గంత మేలు జేసిన మందుకు నేను ద్రోహం జేస్తనా?"

పండుగ ముగిసింది. మాంసం ముగియలేదు. తెగిన యాటలన్నీ ఒకనాడే తినే వీలుండదు. మిగిలిన మాంసం ఉప్పు పసుపు పట్టించి, దండేల మీద ఎండేసి, వరుగులు చేస్తారు. అది దేవుని మాంసం, పారేయకూడదు. ఇంటి కోడలు ముట్టుకోకుండా ఉండకూడదు. వరుగులు ఉన్నన్నినాళ్లూ మందు ఉట్టి మీదే ఉంది. పండుగ రోజులకని మొదలైన విరామం వారాలు దాటింది.

నేను పట్నం పోయాను. ఒక్క మాట చెప్పించుకుని వద్దామని. రెండు ముక్కలు కాగితం మీద రాసి ఇవ్వండి, లేదా ఈసారి ఆమె వస్తే మీరే నోటితో చెప్పండి, మాంసం తిని మందు మింగొచ్చని, అని కంపౌండరును బతిమాలాను. "ఒకసారి వద్దని చెప్పి, మళ్లీ తినుమంటె నా మాటకు విలువేముంటది సారూ?" అన్నాడు. డాక్టరు దగ్గరికి పోయాను. "ఇవన్నీ చూసుకునే తీరిక నాకెక్కడిదండీ? మానేస్తే మానేశారు, వాళ్ల ఖర్మ" అన్నాడు. అదే పట్నంలో ఒక పెద్ద అధికారి ఇంట్లో అదే జబ్బు ఉండేది. డాక్టరు ఆ ఇంటికి వారానికోసారి నడిచి పోయి, ఏం తింటున్నారో అడిగి వచ్చేవాడు. వాళ్లు నడుమ మందు ఆపి తీర్థయాత్రకు పోయి వస్తే, "జబ్బు తిరగబెట్టింది, పాపం" అన్నాడు. కాపరి ఇంట్లో అయితే అదే పనికి పేరు ఖర్మ. జబ్బు ఒకటే, తప్పు ఒకటే, మాట మాత్రం ఇంటిని బట్టి మారుతుంది.

నేను తిరిగి వచ్చేసరికి ఇల్లు తాళం పడింది. మెట్టలో మేత అయిపోయింది. సాగరు కాలువ నీళ్లు కొత్తగా పారిన హాలియా వైపు వరి కోతలయ్యాయని, మడుల్లో మంద పెడితే ఎరువు కోసం రైతులు వడ్లు ఇస్తారని కబురొచ్చి, కాపరి గొర్రెలను తోలుకుపోయాడు. ఆమె బాగానే ఉంది కదా, వండిపెట్టే మనిషి కావాలి కదా అని ఆమెనూ బిడ్డనూ తీసుకుపోయాడు. ముసలమ్మ మాత్రం చుట్టాలింట్లో ఉండిపోయింది. పొట్లం వెంట తీసుకుపోయిందా అని అడిగితే, "తీస్కపోయింది బిడ్డా. వరుగులు గూడ తీస్కపోయింది. గవి ఒడిసినంక మొదలువెడ్తనన్నది" అంది.

హాలియాకు దగ్గరలో దవాఖాన ఉంది. ఉంటేనేం? వరుగులు అయిపోయాక, ఉన్న గోళీలు చాలక ఒకనాడు పొట్లం తెచ్చుకోవడానికి పోతే, మీది ఇక్కడి పేరు కాదు, మీ దవాఖానకే పో అన్నారట. ఆ మాట కాపరి నాకు తరువాత చెప్పాడు. మంద రాత్రికొక మడిలో ఉంటుంది. దాన్ని వదిలి రోజంతా బస్సుల్లో తిరగడం అతని వల్ల కాలేదు. నౌకరీ చేసేవాడికి సెలవుంటుంది, గొర్రెకు సెలవుండదు.

తొలకరికి వాళ్లు తిరిగి వచ్చారు. బండి మీద పడుకోబెట్టి తెచ్చాడు. నేను మళ్లీ వాళ్లతో పట్నం పోయాను. అదే కిటికీ, అదే కంపౌండరు. ఆయనకు ఆమె గుర్తే లేదు. చూసీ చూడగానే గద్దించాడు.

"పథ్యం తప్పినవా?"

ఆమె కిటికీ చువ్వలు పట్టుకుని చెప్పింది. "తప్పలే బాంచెన్. మందు ఆపినంకనే తిన్న. మందు మీద ఎన్నడు తినలే."

ఆ మాటలో ఆమె గర్వం ఉంది. తాను తప్పు చేయలేదని ఆమె మనసారా నమ్మింది. చెప్పిన మాటను అక్షరాలా పాటించింది. వెనక వరుసలో ఎవరో "చూడు, ఆపిందట" అని నవ్వారు. ఆ నవ్వు నేను ఎరిగిన నవ్వే, గ్రంథాలయం వరండాలో నవ్వుకున్నదే.

మళ్లీ మందు ఇచ్చారు. సగంలో వదిలిన మందుకు క్రిమి రాటుదేలుతుంది. అదే గోళీ రెండోసారి అదే పని చేయదు. ఈసారి నేను డాక్టరును చేయి పట్టుకున్నంత పని చేసి వరుసలోకి తీసుకొచ్చి, అందరి ముందూ చెప్పించాను, ఏమైనా తినొచ్చని. ముసలమ్మ ఆ సాయంత్రమే కోడికూర వండింది. తన చేత్తో ముద్దలు చేసి కోడలి నోటికి పెట్టింది. ముద్ద దిగలేదు. "ముందే జెప్పకపోయిన్రా, నా బిడ్డకు ముందే పెట్టుకుందు" అని ఆ ముసలమ్మ నన్నూ అనలేదు, దవాఖాననూ అనలేదు, గోడతో అంది. వానలు ముగియక ముందే కోడలు పోయింది.

ఊళ్లో వాళ్లు బీరప్ప అలిగాడన్నారు. దవాఖానలో మందు ఎగ్గొట్టిందన్నారు. రెండు మాటలకూ నాకు తేడా కనబడదు. చంపింది ఎవరో చూడకుండా చచ్చిన మనిషి మీదనే నేరం మోపే మాటలు రెండూ. నాకు బీరప్ప మీద కోపం లేదు. లేనివాడి మీద కోపమెందుకు? ఉన్నవాళ్ల మీదనే నా కోపం. రెండు నిమిషాలు నిలబడి వివరించలేని డాక్టరు మీద. భయమే మందు అనుకున్న కంపౌండరు మీద. మంద వెంట తిరిగే మనిషికి మందు కూడా వెంట తిరగాలని తోచని పెద్దల మీద. మూఢనమ్మకం మీద ఉపన్యాసాలు దంచి, అబద్ధపు పథ్యం మీద ఒక్కనాడూ నోరు విప్పని సంఘసంస్కర్తల మీద.

చదివి నిట్టూర్చడానికి ఇది రాయలేదు. ఈ వారంలో ఒక పూట మీ దగ్గరి దవాఖానకు పోండి. మందులిచ్చే కిటికీ పక్కన నిలబడి వినండి. ఎవరికైనా బెదిరింపు పథ్యం చెబుతుంటే అక్కడికక్కడే అడ్డుపడండి. తినొచ్చని ఆ నోటితోనే తిరిగి చెప్పించే దాకా కదలకండి. ఊరు విడిచి పోయిన రోగిని "మీది ఇక్కడి పేరు కాదు" అని తిప్పి పంపుతుంటే, ఆ మనిషిని చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోండి, మందు చేతిలో పడ్డాకే బయటికి రండి. మీ వాడలో ఆ మందు మింగుతున్న ఇంటికి పోయి కంచంలో ఏముందో చూడండి. గటకే ఉంటే, మీ ఇంట్లో ఉడికిన గుడ్డు పట్టుకుపోయి, వాళ్ల ఎదుట కూర్చుని తినిపించండి.